పైపు పగిలిన పిమ్మట 95 నిమిషములు
(శాన్ బ్రూనో దర్యాప్తు నివేదికపై ఒక విమర్శ)

గోదావరి డెల్టాలో కాలువకు గండి పడినప్పుడు రైతులు చేయు మొదటి పని గండి పూడ్చుట కాదు. ఎగువనున్న లాకు దగ్గరకు ఒక మనిషిని పరుగెత్తించి తలుపులు దింపించుదురు. నీరు వచ్చుచున్నంతసేపు ఎన్ని ఇసుక బస్తాలు వేసినను నిలువవని వారికి ఎవరును చెప్పనక్కరలేదు. గండి ఎక్కడ పడినదో కనుగొనుట ఒక పని. ఆ భాగమును ప్రవాహమునుండి విడదీయుట మరియొక పని. ఈ రెంటి మధ్య జరిగిన ఆలస్యమంతయు పొలములో నీరై నిలుచును.

పెద్ద కర్మాగారములలోను, నగరములకు వాయువును కొనిపోవు పైపులైనులలోను ఇదే సూత్రము వర్తించును. కాని అక్కడ నీటికి బదులు మండెడు వాయువు, పొలమునకు బదులు ఇండ్లు. ఈ విషయమును గూర్చి సాక్ష్యములతో, కొలతలతో వ్రాయబడిన రచనలలో అమెరికా దేశపు జాతీయ రవాణా భద్రతా మండలి 2011 ఆగస్టు 30వ తేదీన ఆమోదించిన శాన్ బ్రూనో దర్యాప్తు నివేదిక ముఖ్యమైనది. అది ప్రభుత్వ నివేదికయే అయినను, పీడనము, లోహముల బలము మొదలగు పాఠములను బోధించు ఉపాధ్యాయులకు పాఠ్యగ్రంథమంత ఉపయోగపడును. అయితే అందులో ఒక లోపము కలదు. అది కొలతలలోని లోపము కాదు. కారణములను పేర్చిన వరుసలోని లోపము. గుణములను ముందు చెప్పి, పిదప ఆ లోపమును పరిశీలించుట న్యాయము.

జరిగినదేమి?

కాలిఫోర్నియా రాష్ట్రములో శాన్ ఫ్రాన్సిస్కోకు దక్షిణమున శాన్ బ్రూనో అను పట్టణమున్నది. 2010 సెప్టెంబరు 9వ తేదీ సాయంకాలము 6 గంటల 11 నిమిషములకు అక్కడ ఇండ్ల నడుమ, వీధి క్రింద పాతిపెట్టిన 30 అంగుళముల వ్యాసముగల సహజవాయువు పైపులైను పగిలిపోయెను. దాదాపు 28 అడుగుల పొడవు, 3,000 పౌనుల బరువుగల పైపు ముక్క ఊడి 100 అడుగుల దూరమున పడెను. భూమిలో 72 అడుగుల పొడవు, 26 అడుగుల వెడల్పుగల గొయ్యి ఏర్పడెను. వాయువు అంటుకొని 38 ఇండ్లు దగ్ధమయ్యెను; మరి 70 ఇండ్లు దెబ్బతినెను; ఎనిమిది మంది మరణించిరి. విమానాశ్రయము సమీపముననే ఉండుటచే, విమానము కూలినదని చాలమంది మొదట భావించిరి.

ఆ పైపులైను పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందినది. పగిలిన చోటికి వాయువు వచ్చుట పూర్తిగా నిలిచినది 7 గంటల 46 నిమిషములకు. అనగా, పైపు పగిలినది మొదలు దానిని వేరుపరచువరకు 95 నిమిషములు గడచినవి. ఈ అంకెయే నివేదికకు ప్రాణము. పాఠకుడు దీనిని మరువక తక్కిన పుటలు చదువవలెను.

వెదకినదే కనబడును

నివేదికయొక్క మొదటి గుణము, అది పైపు పగిలిన కారణమును లోహపు ముక్కలోనే చదివి చూపుట. ఆ భాగము 1956లో పైపులైను మార్గమును మార్చినప్పుడు అమర్చబడినది. కంపెనీ దస్తరములలో అది అతుకులేని పైపు అని వ్రాయబడి ఉండెను. ప్రయోగశాలలో పరీక్షింపగా, అది పొట్టి ముక్కలను ఒకదాని ప్రక్కన ఒకటి చేర్చి వెల్డింగు చేసినదనియు, కొన్ని ముక్కలకు పొడవునా ఉన్న అతుకును పైనుండి మాత్రమే వేసి లోపలివైపు వదలివేసిరనియు తేలినది. అట్టి అతుకు తక్కిన గోడయంత మందముగా ఉండదు. ఏండ్ల తరబడి పీడనము పెరుగుచు తగ్గుచు ఉండగా, అక్కడ పుట్టిన పగులు కొంచెము కొంచెముగా పెరిగెను.

ప్రమాదము జరిగిన సాయంకాలము, పైపులైను మొదలగు మిల్పిటాస్ కేంద్రములో విద్యుత్తు పని జరుగుచుండెను. సరఫరాకు అంతరాయము కలుగగా, పీడనమును కొలుచు పరికరములు తప్పు సంకేతములు పంపెను. పీడనము తగ్గినదని భ్రమపడిన నియంత్రణ వాల్వులు పూర్తిగా తెరచుకొనెను. పగిలిన చోట పీడనము చదరపు అంగుళమునకు సుమారు 386 పౌనులకు చేరినప్పుడు అతుకు విడిపోయెను. ఆ పైపులైనుకు అనుమతింపబడిన గరిష్ఠ పీడనము 400 పౌనులు. అనగా, పీడనము హద్దు దాటకుండగనే పైపు పగిలినది! హద్దును నిర్ణయించినది కాగితము, పగిలినది ఇనుము.

మరి ఆ లోపమును ముందుగా ఏల కనుగొనలేదు? నివేదిక ఇచ్చు సమాధానము విద్యార్థులు గుర్తుంచుకొనదగినది. కంపెనీ ఆ మార్గమును పరీక్షింపకపోలేదు. కాని ఎన్నుకొనిన పద్ధతి పైపు వెలుపలి తుప్పును కనుగొనునది. అతుకులోని పగులు దానికి దొరకదు. పైపుకు అతుకే లేదని దస్తరములో ఉన్నప్పుడు అతుకును పరీక్షించు ఆలోచన ఎవరికి కలుగును? నీటిని ఎక్కువ పీడనముతో నింపి పైపు బలమును తేల్చు పరీక్ష ఒకటి ఉన్నది. నిబంధనలు రాకమునుపే వేసిన పైపులకు ఆ పరీక్షనుండి మినహాయింపు ఇచ్చిన ప్రభుత్వ సంస్థలను కూడ నివేదిక తప్పుపట్టినది. తప్పునంతయు ఒక వెల్డరు నెత్తిన వేసి చేతులు దులుపుకొనకుండుట దీని నిజాయితీకి నిదర్శనము.

అల వేగము, మనుష్యుల వేగము

రెండవ గుణము, ఆ సాయంకాలమును నిమిషము వెంట నిమిషముగా వివరించుట. దీని విలువ తెలియుటకు కొంత భౌతికశాస్త్రము అవసరము.

పైపు పగిలినప్పుడు, అక్కడ హఠాత్తుగా తగ్గిన పీడనము రెండు దిక్కులకు అలవలె ప్రయాణించును. ఆ అల వేగము వాయువులో ధ్వని వేగమే. సహజవాయువులో అది సెకనుకు సుమారు 400 మీటర్లు. 40 కిలోమీటర్ల దూరమున ఒక పీడన మాపకము ఉన్నదనుకొనినచో, 100 సెకనులలో దానికి వార్త అందును. దూరము పోయినకొలది అల బలహీనపడును గాని, 30 అంగుళముల పైపు నిలువునా తెగినప్పుడు పుట్టిన అల కనబడకపోవుట అరుదు. శాన్ బ్రూనోలోను అట్లే జరిగినది. కొద్ది నిమిషములలోనే నియంత్రణ గదిలో పీడనము పడిపోయినట్లు హెచ్చరికలు వచ్చెను. దూరపు పరికరముల అంకెలను ఒకచోట చూపు ఆ కంప్యూటరు వ్యవస్థను స్కాడా అందురు.

వార్త వచ్చినది, అర్థము కాలేదు. మిల్పిటాస్ పని కారణముగా అప్పటికే తప్పుడు అంకెలు, హెచ్చరికలు గుంపులుగా వచ్చుచుండెను. ఏది నిజము, ఏది పరికరపు పొరపాటు అని తేల్చుకొనుట కష్టమయ్యెను. గదిలో ఎవరు ఏ పని చేయవలెనో, ఎవరి మాట చివరి మాటయో స్పష్టముగా నిర్ణయింపబడలేదని నివేదిక చెప్పుచున్నది. పైపు పగిలినదని నమ్మకము కుదిరిన పిమ్మట కూడ, పగిలిన చోటికి దగ్గరగా ఉన్న వాల్వులను గదినుండి మూయు వీలు లేదు. మెకానిక్కులు రోడ్డున పోయి, చేతితో త్రిప్పి మూయవలసి వచ్చెను. అల కొన్ని సెకనులలో చెప్పిన సంగతిని మనుష్యులు గంటన్నరకు పైగా అమలు చేసిరి.

మూయుటలోని లెక్క

కాలువ గండికిని, పైపు పగులుకును ఒక ముఖ్యమైన భేదమున్నది. కాలువకు ఎగువ తలుపు దింపిన చాలును. పైపులోని వాయువు అణచి నింపబడినది కావున దిగువవైపునుండి కూడ వెనుకకు పరుగెత్తును.

సైకిలు రిపేరు షాపులో ట్యూబును నీటి తొట్టిలో ముంచి పంక్చరు వెదకుట అందరు చూచినదే. బుడగలు వచ్చు చోటికి ఒక ప్రక్కన మాత్రమే ట్యూబును గట్టిగా నొక్కిపట్టినచో బుడగలు ఆగవు. ట్యూబు చుట్టు తిరిగి రెండవ ప్రక్కనుండి గాలి వచ్చుచునే ఉండును. రెండు ప్రక్కల నొక్కిపట్టినచో మధ్య చిక్కిన గాలి పోయి బుడగలు నిలిచిపోవును. వేరుపరచుట యనగా ఇదియే. తరగతిలో ఈ ప్రయోగము చేయుటకు పాత ట్యూబు, నీటి తొట్టి తప్ప మరేమియు అక్కరలేదు.

ఇప్పుడు లెక్క చూడుడు. 30 అంగుళముల పైపు ఒక కిలోమీటరు పొడవున సుమారు 430 ఘనమీటర్ల చోటు కలిగియుండును. 386 పౌనుల పీడనములో అందు ఇమిడియుండు వాయువు బయటకు వచ్చి వ్యాపించినచో సుమారు 12,000 ఘనమీటర్లగును. ఉదాహరణకు, రెండు వాల్వులు మూడు కిలోమీటర్ల దూరమున ఉండి వెంటనే మూయబడినవనుకొనినచో, మధ్య చిక్కిన వాయువు 36,000 ఘనమీటర్లు. శాన్ బ్రూనోలో బయటపడిన వాయువు 4 కోట్ల 76 లక్షల ఘనపుటడుగులని కంపెనీ అంచనా. అనగా సుమారు 13 లక్షల 50 వేల ఘనమీటర్లు. మొదటి అంకె రెండవ దానిలో నూటికి మూడవ వంతు కూడ కాదు. తక్కినదంతయు వాల్వులు తెరచియున్న కాలములో వచ్చి చేరినదే.

95 నిమిషములకు పంచినచో నిమిషమునకు సగటున 14,000 ఘనమీటర్లు, బరువులో సుమారు 10 టన్నులు. 14.2 కిలోల వాయువుగల వంటింటి సిలిండర్లతో పోల్చినచో, ప్రతి నిమిషమును దాదాపు 700 సిలిండర్లను మంటలో వేసినట్లు.

నివేదికలోని లోపము

ఇంత స్పష్టమైన లెక్కకు ఆధారములన్నియు సమకూర్చిన నివేదిక, తుది తీర్మానములో ఏమి చేసినది? 1956 నాటి చెడ్డ అతుకును, దానిని కనుగొనలేని తనిఖీ పద్ధతిని ప్రమాదమునకు కారణములుగా ప్రకటించినది. వాల్వులు మూయుటలోని ఆలస్యమును, ప్రమాద తీవ్రతను పెంచిన అంశముగా చివర చేర్చినది. తర్కశాస్త్రము ప్రకారము ఇది తప్పు కాదు. పైపు పగులుటకు ఆలస్యము కారణము కాదు గదా. కాని నివేదిక చదువువారు తర్కవేత్తలు కారు. చట్టములు చేయువారు, కంపెనీలు నడుపువారు. కారణము అన్న మాటకు వారు డబ్బు ఖర్చు పెట్టుదురు. తీవ్రతను పెంచినది అన్న మాటకు కమిటీ వేయుదురు.

ఇది ఊహ కాదు. 1994 మార్చి 23వ తేదీన న్యూజెర్సీ రాష్ట్రములోని ఎడిసన్‌లో 36 అంగుళముల పైపులైను పగిలినప్పుడు వాయువును ఆపుటకు రెండున్నర గంటలు పట్టెను. దూరమునుండి మూయు వాల్వులు అవసరమని ఇదే మండలి ఆనాడు చెప్పినది. పదునారేండ్ల పిమ్మట శాన్ బ్రూనోలో అదే కథ జరిగినది. మండలి 2011లో మరల అదే మాట చెప్పినది. జనసాంద్రతగల చోట్ల స్వయముగా మూసుకొను వాల్వులు గాని, దూరమునుండి మూయు వాల్వులు గాని తప్పనిసరి చేయవలెనని కోరినది. కాని ఎన్ని నిమిషములలో మూయవలెనో చెప్పలేదు. నిమిషముల లెక్కను అంత శ్రద్ధగా వ్రాసిన గ్రంథము, ఆ ఒక్క నిమిషముల అంకెను మాత్రము వదలివేసినది.

ఆ ఖాళీని తరువాత వచ్చిన నిబంధన ఎట్లు నింపినదో చూచినచో లోపము విలువ తెలియును. అమెరికా రవాణా శాఖ 2022లో చేసిన నిబంధన ప్రకారము, పైపు పగిలినదని గుర్తించిన పిమ్మట 30 నిమిషములలోపల వాల్వులు మూయవలెను. ఇందు రెండు సంగతులు గమనింపవలెను. మొదటిది, ఆ వాల్వుల నియమము క్రొత్తగా వేయు పైపులైనులకు, మార్చి వేయు భాగములకు మాత్రమే ఉద్దేశింపబడినది. 1956 నాటి పైపువంటి పాత పైపులు ఎక్కడివక్కడనే మిగిలినవి. రెండవది, గడియారము మొదలగునది పైపు పగిలిన క్షణమున కాదు, పగిలినదని కంపెనీ గుర్తించిన క్షణమున. శాన్ బ్రూనోలో ఆ గుర్తింపులోను కొంత కాలము వృథా అయినది. ఓక్‌రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2012లో ప్రకటించిన పరిశోధన, పైపు తెగిన 8 నిమిషములలో వాల్వులు మూసినచో అగ్నిమాపక దళము ఆస్తినష్టమును తగ్గింపగలదని చూపినది. ఎనిమిదికిని ముప్పదికిని గల దూరము, కారణమునకును తీవ్రతకును మధ్య నివేదిక గీచిన గీతలోనుండి పుట్టినదే.

ఎదుటివారి వాదమును కూడ వినవలెను. మొదటి కొద్ది నిమిషముల మంటలో చిక్కినవారిని ఏ వాల్వును రక్షింపలేదని కంపెనీల పక్షమువారు చెప్పుదురు. అది చాలవరకు నిజమే. స్వయముగా మూసుకొను వాల్వు పొరపాటున మూసుకొనిన, చలికాలపు రాత్రి వేలాది ఇండ్లలో పొయ్యిలు ఆరిపోవును. వాయువు మరల వచ్చునప్పుడు మండకుండ ఇంటిలో నిండును. అందుచే ప్రతి ఇంటికి మనిషిని పంపవలసి వచ్చును. ఇదియు నిజమే. అయితే ఈ వాదము స్వయముగా మూసుకొను వాల్వుకే చెల్లును. మనిషి చూచి, నిర్ణయించి, గదినుండి మీట నొక్కి మూయు వాల్వుకు చెల్లదు. పైగా, మంట తగ్గనంతవరకు అగ్నిమాపకదళము ప్రక్క ఇండ్లలోనికి పోజాలదు. ఈ వాదోపవాదములను నివేదిక ఇంకను విపులముగా తూచియుండవలసినది.

నగరం గ్రామమునకు ఈ పాఠము చాలునా?

ఈ నివేదికను తెలుగు పాఠకుడు చదువునప్పుడు మరియొక ఊరు జ్ఞప్తికి వచ్చుట సహజము. 2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున, నేటి కోనసీమ జిల్లాలోని నగరం గ్రామములో, తాటిపాకనుండి కొండపల్లివైపు పోవు 18 అంగుళముల గెయిల్ సంస్థ పైపులైనునుండి వెలువడిన వాయువు అంటుకొనెను. ఇరువదిమందికి పైగా మరణించిరి. కొబ్బరితోటలు మాడిపోయెను.

అక్కడ జరిగినది వేరు రకము. వాయువుతో పాటు నీరు కూడ పైపులో ప్రయాణించినచో, వాయువులోని బొగ్గుపులుసు వాయువు ఆ నీటిలో కరగి కార్బానిక్ ఆమ్లమగును. అది లోపలినుండి ఇనుమును తినివేయును. లోపలి తుప్పే నగరం ప్రమాదమునకు మూలమని దర్యాప్తులో తేలినది. ఇట్టి తుప్పు వలన ఏర్పడు రంధ్రము మొదట చిన్నది. పెద్ద పగులువలె అలను పుట్టింపదు.

చిన్న లీకును కనుగొనుట ఎంత కష్టమో మరియొక లెక్క చెప్పును. ఒక పైపులైనులో రోజునకు పది లక్షల ఘనమీటర్ల వాయువు పోవుచున్నదనుకొందము. రెండు చివరల నున్న కొలమానములలో నూటికి ఒకటి తప్పు ఉన్నచో, రోజునకు పదివేల ఘనమీటర్లు పోయినను లెక్కలో తేడా కనబడదు. అది సుమారు 500 వంటింటి సిలిండర్ల బరువు! కావున చిన్న లీకులకు అంకెలు చాలవు. పైపు లోపల యంత్రమును పంపి గోడ మందమును కొలువవలెను. మీథేను వాయువును పరారుణ కిరణములతో పసిగట్టు పరికరములతో మార్గము వెంట తిరుగవలెను. మీథేనునకు స్వతహాగా వాసన లేదు; వంటింటి వాయువుకు ఉన్న దుర్గంధము మెర్కాప్టాను కలుపుటచే వచ్చినది. దూర రవాణా పైపులైనులలో తరచుగా అది కలుపరు. అందుచే ఊరివారి ముక్కునే నమ్ముకొనుటయు చాలదు.

శాన్ బ్రూనో నివేదిక ఈ రెండవ రకమును గూర్చి దాదాపు మౌనముగా ఉన్నది. అది దాని దోషము కాదు. ఒక ప్రమాదపు నివేదిక మరియొక ప్రమాదమునకు జవాబు చెప్పజాలదు. కాని దానిని చదివి, దూరమునుండి మూయు వాల్వులు పెట్టిన చాలునని అనుకొనువారు పొరపడుదురు. పెద్ద పగులును కనుగొనుట సులభము, ఆపుట కష్టము; చిన్న లీకును ఆపుట సులభము, కనుగొనుట కష్టము. పైపులైను ప్రక్కన నిదురించువారికి రెండు రక్షణలును కావలెను.

ఉపాధ్యాయులకు ఒక మాట

ఈ నివేదికలో లోహశాస్త్ర భాగము కఠినముగా ఉండును. దానిని మొదటిసారి వదలివేసినను నష్టము లేదు. నిమిషముల పట్టికను మాత్రము తప్పక చదువవలెను. తరగతిలో పిల్లలచేత ఒక్కొక్క నిమిషమును చదివించి, ఈ క్షణమున ఎవరికి ఏమి తెలియును, ఎవరి చేతిలో ఏమి ఉన్నది అని అడిగినచో, విజ్ఞానశాస్త్రమునకును జీవితమునకును గల సంబంధము మరి వేరుగా బోధింపనక్కరలేదు. తమ ప్రాంతములో ఏ పైపులైనులు ఉన్నవో అగ్నిమాపక శాఖలకు కంపెనీలు తెలుపవలెనని నివేదిక చేసిన సూచనకూడ గమనింపదగినది. అట్టి సమాచారము అగ్నిమాపక శాఖతో ఆగక, పైపు పోవు ఊరి పాఠశాలకును ఆ ఊరి భాషలోనే చేరవలెను.

మొత్తముమీద శాన్ బ్రూనో నివేదిక గొప్ప రచన. పైపు ఏల పగిలినదో అది నిస్సందేహముగా తేల్చినది. 95 నిమిషములు ఏల పట్టినదో కూడ దాచక చెప్పినది. ఆ రెండవ ప్రశ్నను మొదటి ప్రశ్నతో సమానముగా నిలబెట్టకపోవుటయే దాని కొరత. గండి పడిన రోజున లాకు తలుపు దింపువాడు ఎక్కడున్నాడని డెల్టా రైతు అడుగును. పైపులైనులను గూర్చి వ్రాయు ప్రతి నివేదికను పాఠకుడు ఆ ప్రశ్నతోనే తెరువవలెను.